రెండు తలుపుల గది

ఫిబ్రవరి 3

ఖాళీ రంగు డబ్బా బోర్లించి దాని మీద కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో కుదరదు. నా మంచం ఉండేది మధ్యగదిలో. ముందుగదిలోంచి వంటింట్లోకి వెళ్ళాలన్నా, వంటింట్లోంచి ముందుగదిలోకి రావాలన్నా నా కాళ్ళ పక్కనుంచే వెళ్ళాలి. పుస్తకం తెరిస్తే చాలు, "ఏం రాస్తున్నావక్కా?" అని తమ్ముడు, "ఏం రాస్తున్నారు వదినా?" అని మరదలు. వాళ్ళ తప్పేం లేదు. దారిలో కూర్చున్నదాన్ని దారిన పోయేవాళ్ళు పలకరించరా?

అందుకని ఇక్కడ, షెడ్డులో, మధ్యాహ్నం పూట. వడ్రంగి మావయ్య చెక్కపొట్టు మీద తువ్వాలు పరుచుకుని గుర్రు పెడుతున్నాడు. మా నాటకాల కంపెనీలో ఆయన చట్రాలు కొడతాడు, నేను వాటికి గుడ్డ బిగించి రంగులు వేస్తాను. ఇద్దరం కలిస్తే ఒక ఇల్లు లేస్తుంది. ఆట అయ్యాక నలుగురు పట్టుకుని ఎత్తుకుపోయే ఇల్లే అనుకో.

రాయాల్సినవి రెండున్నాయి. ఒకటి, డైరెక్టర్ గారు పొద్దున కొత్త నాటకం చెప్పారు. అందరం బడిలో చదివి, పరీక్షలో రాసి, మర్చిపోయిన ఆ పాత నవలే. సత్రంలో పెరిగిన అనాథ పిల్ల కథ. సత్రంలోంచి బడికి, బడిలోంచి పెద్దింటికి, పెద్దింట్లోంచి ఆఖరికి ఓ సందులో ఒంటిగదికి. నాలుగు చోట్లు, నాలుగు సెట్లు. "ఎవరూ నోరు విప్పక్కర్లేదు. తెర లేవగానే గదిని చూసి, ఈ పిల్ల ఎంత ఎదిగిందో జనానికి తెలిసిపోవాలి" అన్నారు నా వైపు చూసి. ఆయనకేం, అనేస్తారు.

రెండోది, తమ్ముడు కొత్త ఫ్లాటు కొన్నాడు. నెలాఖరుకి మారిపోతున్నారు. మారిపోతున్నాం. నేనూ వెళ్ళాలి. వెళ్తాను, వెళ్ళకేం. అసలు ఇది రాయాల్సినంత విషయమే కాదు.

ఫిబ్రవరి 5

నవల మళ్ళీ చదువుతున్నాను. చిన్నప్పుడు ఏడుపొచ్చిన చోటల్లా ఇప్పుడు కొలతలు కనిపిస్తున్నాయి.

సత్రంలో ఆ పిల్లకి సొంత మంచం లేదు. ఏ రాత్రి ఏ గది ఖాళీగా ఉంటే అక్కడ పడుకుంటుంది. కిటికీలు బాగా ఎత్తులో ఉంటాయి. ఆమెకి ఆకాశం కనిపిస్తుంది గానీ వీధి కనిపించదు. బండి వచ్చిందో పోయిందో చప్పుడుని బట్టి పోల్చుకోవాలి. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆమె ఎవరికీ ఎదురు చెప్పదు. ఈ మంచం తాలూకు మనిషి రేపు దిగితే లేచి పోవాలిగా, ఆ భయం. తర్వాత బడి. వరసగా మంచాలు, ఆమెది ఆఖరిది. కానీ దాని కింద తాళం వేసుకునే చిన్న పెట్టె ఉంది. సరిగ్గా ఆ అధ్యాయంలోనే మొదటిసారి "నాకిష్టం లేదు" అంటుంది. పెట్టె వచ్చాకే మాటొచ్చింది! ఈ సంగతి పరీక్షలో ఎవరం రాయలేదు. ఆ తర్వాత పెద్దిల్లు. కిటికీలు నేల దాకా, లెక్కలేనన్ని గదులు, ఆమె ఆ ఇంటి కోడలు. విచిత్రం, అక్కడ మళ్ళీ గొంతు తగ్గిపోతుంది. ఏ గదిలో ఉన్నా పక్క గదిలోంచి ఎవరో ఒకరు పిలుస్తుంటారు. పలకడంతోనే పొద్దు గడిచిపోతుంది.

ఈ మూడూ నాకు కళ్ళకు కట్టినట్టున్నాయి. గీసేయగలను. నాలుగో దగ్గరే చిక్కంతా. సత్రం గురించి పేజీలకు పేజీలు రాసిన మహానుభావుడు, పెద్దింటికి ఏకంగా ఒక అధ్యాయమే ఇచ్చేసిన మహానుభావుడు, ఒంటిగది దగ్గరికొచ్చేసరికి ఒక్క వాక్యంతో సరిపెట్టాడు. "ఆ గదిలో ఆమెకి సరిపడా చోటుంది." అంతే. కిటికీ ఎటుందో లేదు, గోడ ఏ రంగో లేదు. సరిపడా అంటే ఎంత నాయనా?

నాకు ఆ చివరి అధ్యాయం ఎప్పుడూ నచ్చలేదు. పాపం పిల్ల. అంత ఇల్లు వదులుకుని, అడిగేవాళ్ళు లేకుండా ఆ ఒంటిగదిలో. దాన్ని ఎదగడం అంటారా ఎవరైనా?

ఫిబ్రవరి 6

స్టవ్వు కట్టేశానో లేదో గుర్తు రాక మరదలికి ఫోను చేశాను. కట్టేసే ఉంది. నిన్న కూడా కట్టేసే ఉంది.

ఫిబ్రవరి 9

ఆదివారం. ఫ్లాటు చూసొచ్చాం. ఇంటికొచ్చి, తలనొప్పి మాత్రలు కావాలని చెప్పి, వీధి చివర బస్టాపులో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

చాలా బావుంది. వెలుతురు బోలెడు. వాళ్ళిద్దరికీ ఒక గది, పాపకి ఒక గది. మూడేళ్ళ పిల్లకి వేరే గదేమిటి అని నేను అనలేదు. కొత్త పద్ధతులు.

"అక్కా, కళ్ళు మూసుకో" అన్నాడు తమ్ముడు. చెయ్యి పట్టుకుని నడిపించాడు. "ఆఁ, ఇప్పుడు తెరువు."

హాలుకీ వంటింటికీ మధ్య మలుపు. భోజనాల బల్ల వేసుకునే చోటట. బల్లని హాల్లోకి జరిపేసి అక్కడ నాకు మంచం వేస్తారట. తెర కట్టుకోవడానికి కడ్డీ కూడా అప్పుడే బిగించేశాడు.

"తెర మీకు నచ్చిన రంగుది తీసుకుందాం వదినా. రంగుల సంగతి మీకంటే మాకేం తెలుసు?" అంది మరదలు.

"చాలా బావుంది" అన్నాను. "చాలా బావుందిరా" అని మళ్ళీ అన్నాను. పాప అప్పటికే ఆ మలుపులోంచి హాల్లోకి, హాల్లోంచి మలుపులోకి నాలుగు పరుగులు తీసి దారి ఖాయం చేసేసింది.

వాళ్ళు ప్రేమగా చూపించారు. ఆ ప్రేమలో వంక పెట్టడానికి లేదు. దిగేటప్పుడు లిఫ్టులో గుండె ఒకటే దడ. లిఫ్టులు నాకు పడవు.

ఫిబ్రవరి 10

హీరోయిన్ వేషం వేసే అమ్మాయిని కంపెనీలో అందరం పిచ్చుక అంటాం. ఒక్క క్షణం ఒకచోట నిలవదు. ఆ అమ్మాయికి వేరే ఊళ్ళో పని దొరికిందట, నెలాఖరుకి మన ఆటలు అవగానే వెళ్ళిపోతోంది.

"అక్కా, నా గది ఖాళీ అవుతోంది. కుట్టు మిషన్ల కొట్టు మీద గది. ఇంటావిడ మంచి మనిషి. నీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పవూ" అంది.

"ఎవరికి?"

"నీకు తెలిసినవాళ్ళెవరైనా" అని నా మొహంలోకి చూసింది.

"నాకెవరూ తెలీదు" అన్నాను.

తర్వాత బ్రష్షుని నీళ్ళ డబ్బాలో ముంచబోయి టీ గ్లాసులో ముంచాను. వడ్రంగి మావయ్య టీ అది. తాగాక గానీ చెప్పలేదు నేను.

ఫిబ్రవరి 12

అట్టముక్కలతో చేసిన నాలుగు నమూనాలూ డైరెక్టర్ గారికి చూపించాను. సత్రం భేష్. బడి భేష్. పెద్దిల్లు చూసి ఈల కూడా వేశారు. నాలుగోది చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఇది గదా, జైలా?"

"ఒంటిగది కదండీ."

"అయితే? బూడిదరంగు గోడలు, మూలకి మంచం, చేతికందని కిటికీ. ఇది మళ్ళీ సత్రమేగా! తిరిగి తిరిగి ఆ పిల్ల బయలుదేరిన చోటికే వచ్చిందనా నువ్వు చెప్పేది?"

"ఆమెకి ఎవరూ లేరు కదండీ" అన్నాను.

"ఎవరూ లేరనా రాశాడు? సరిపడా చోటుంది అని రాశాడు." నమూనా నా చేతిలో పెట్టేశారు. "ఆ గది చూసి జాలేస్తే మన నాటకం పోయినట్టే. మళ్ళీ చెయ్యి."

నాకు ఒళ్ళు మండింది. ఈయన ఎప్పుడైనా ఒంటిగదిలో ఉన్నాడా? జ్వరం వస్తే గ్లాసుడు నీళ్ళు ఎవరిస్తారు? కాలు జారి పడితే ఎవరికి తెలుస్తుంది? నిజమే, నేనూ ఎప్పుడూ ఉండలేదు. అయినా ఊహించగలను. నేను చేసేదే ఊహించడం.

ఫిబ్రవరి 13

పిచ్చుక గదికి వెళ్ళాను. కొలతల కోసం. ఒంటరి ఆడపిల్ల గది నిజంగా ఎలా ఉంటుందో చూస్తే సెట్టు బాగా వస్తుంది కదా. అందుకే టేపు కూడా పట్టుకెళ్ళాను.

కింద మిషన్ల చప్పుడు. మేడ మీద ఒక గది, వెనక చిన్న వంటచోటు, స్నానాలగది. వీధి వైపు కిటికీ. పిచ్చుక గది నిండా బట్టలు పరిచి పెట్టింది, అడుగు పెట్టడానికి చోటు లేదు. "తొక్కెయ్, ఏం పర్లేదు" అంది. ఎవరి కోసమూ సర్దలేదు ఆ అమ్మాయి. నేను వస్తున్నానని తెలిసి కూడా సర్దలేదు.

టేపు పరుస్తుంటే ఇంటావిడ పైకొచ్చింది. "మీకేనా గది? ఎంతమంది ఉంటారు?"

"ఒక్కదాన్నే" అని నోరు జారాను.

జారాక సర్దుకుని, కాదండీ, నాటకం కోసం చూస్తున్నాను అని చెప్పాలిగా. చెప్పలేదు. "ఒక్కరైతే హాయి. ఇరవై అయిదు లోపల చెప్పండి మరి, అడిగేవాళ్ళున్నారు" అని ఆవిడ దిగిపోయింది. మెట్లు గోడ పట్టుకుని దిగాను. మెట్లు నిటారుగా ఉన్నాయి, అదీ కారణం.

కొలతలు రాసుకోవడం మర్చిపోయి వచ్చేశాను.

ఫిబ్రవరి 14

ఇంట్లో చెప్పలేదు. చెప్పడానికేముంది గనక.

ఫిబ్రవరి 16

రెండో నమూనా డైరెక్టర్ గారికి నచ్చింది. ఆయన హడావుడిలో ఉన్నారు, పైనుంచి ఓసారి చూసి "రంగు బావుంది, కట్టెయ్యండి" అన్నారు. ఈసారి గోడలకి లేత పసుపు వేశాను. కిటికీ కిందికి దింపాను. జాలి పడేలా లేదు. పెళ్ళివారి విడిదిలా ఉందని మావయ్య అన్నాడు గానీ ఆయనకి ఏదీ ఓ పట్టాన నచ్చదు.

చట్రాలు లేచాయి. ఇవాళ గుడ్డ బిగించాం. మంచం ఎడమ గోడకి ఆనించి వేశాను, మనుషులు తిరగడానికి వీలుగా. పని బాగా జరిగింది. పని జరుగుతున్నంత సేపూ గుండె దడ ఉండదు.

ఇంట్లో అట్టపెట్టెలు కడుతున్నారు. నా సామాను ఒక్క పెట్టెలో సరిపోయింది. మరదలు ఆశ్చర్యపోయింది. "ఇంతేనా వదినా?" అని మూడుసార్లు అడిగింది.

ఫిబ్రవరి 18

సెట్టు మీద మొదటి రిహార్సలు.

ఆఖరి రంగం. పిచ్చుక లోపలికి వస్తుంది, తలుపు మూస్తుంది, గది మధ్యకి నడుస్తుంది, ఒక్క మాట కూడా లేకుండా అలా నిలబడుతుంది. తెర పడుతుంది. అంతే రంగం. ఆ అమ్మాయి వచ్చింది, తలుపు మూసింది, గది మధ్యకి వచ్చింది. నిలబడలేదు. అటు చూసింది, ఇటు చూసింది.

"అక్కా, ఈ రెండో తలుపు ఎక్కడికి?"

"ఏ తలుపు?"

"అదిగో. నేను వచ్చిన తలుపుకి సరిగ్గా ఎదురుగా. అటు ఏముంది?"

"సైడ్ వింగు" అన్నాను.

"అది నీకు. నా పాత్రకి? ఉన్నది ఒంటిగది కదా, అటువైపు ఎవరుంటారు? తలుపు మూయడానికి అటు తిరిగితే వెనకనుంచి ఎవరో వస్తారనిపిస్తోంది నాకు. నిలబడబుద్ధి కావడం లేదు."

అందరూ సెట్టు వైపు చూశారు. తర్వాత నా వైపు. డైరెక్టర్ గారు నమూనా తెప్పించారు. నమూనాలో కూడా రెండు తలుపులున్నాయి. ఆయన చూడలేదు, మావయ్య గీతల ప్రకారం కొట్టుకుంటూ పోయాడు, అడగలేదు. కానీ చేసింది నేను.

"సత్రంలో ఒక్క తలుపే పెట్టావు. బడిలో ఒకటే. పెద్దింట్లో సరే. ఒంటిగదికి రెండెందుకమ్మా?" అని ఆయన నిజంగానే అడిగారు, కోపంగా కాదు.

"సామాను తీయడానికండీ. రంగం మారేటప్పుడు మంచం ఆ తలుపులోంచి లాగేయొచ్చు" అని అప్పటికప్పుడు అల్లేశాను. ఎంత బాగా అల్లానంటే మావయ్య కూడా తలూపాడు.

ఫిబ్రవరి 19

ఆ పిచ్చుకకి వయసెంత, అనుభవమెంత? వేషం వెయ్యమంటే తలుపులు లెక్కపెడుతుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు. పదహారేళ్ళుగా సెట్లు వేస్తున్నాను, ఎవరైనా ఒక్క మాట అన్నారా? రెండో తలుపు గాలికి. గాలి ఆడాలి కదా గదికి. ఎదురెదురుగా తలుపులుంటేనే గాలి ఆడేది. మా మధ్యగదిలో

పొద్దున ఇక్కడి దాకా రాసి ఆపేశాను. ఇప్పుడు సాయంత్రం.

మా మధ్యగదిలో నేను మంచం ఎడమ గోడకి ఆనించి వేసుకుంటాను, మనుషులు తిరగడానికి వీలుగా. అంతకుముందు ఇంట్లో నాన్న ఉన్నప్పుడు కూడా మధ్యగదే. నాన్నకి ముందుగది, చదువుకునే తమ్ముడికి వెనకగది, నాకు మధ్యగది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క రోజు కూడా ఒకే తలుపున్న గదిలో పడుకోలేదు నేను. గది అనగానే నా చెయ్యి దానంతటదే రెండు తలుపులు గీసింది. వడ్రంగికి గీతలిచ్చేటప్పుడు గీసింది, అట్ట కోసేటప్పుడు కోసింది, గుడ్డ బిగించేటప్పుడు బిగించింది. ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. పైగా మంచం గోడకి జరిపింది, జనానికి దారి వదలడానికి. ఎవరూ లేని గదిలో ఎవరికి దారి?

నాకు సిగ్గేసింది. తర్వాత భయమేసింది. ఆ పిల్లకి సరిపడా చోటు ఎంతో నాకు తెలీదు. నాకెంత కావాలో కూడా తెలీదు. కొలవమంటే టేపు పట్టుకెళ్ళి కూడా కొలవకుండా వచ్చాను.

ఫిబ్రవరి 20

ఏం రాయాలని లేదు.

ఫిబ్రవరి 21

ఆ తలుపు మూయించేశాను. చట్రం ఊడబీకి, నిండు గోడ కొట్టించి, గుడ్డ వేసి, రంగు వేశాను. పసుపు కూడా తీసేశాను. సున్నం తెలుపు, అక్కడక్కడ మేకులు పీకిన గుర్తులు. వచ్చేవాళ్ళని మెప్పించాల్సిన పని లేని గోడ.

మావయ్య ఒప్పుకోడే. "మంచం ఎటు లాగాలి మరి? నువ్వేగా సామాను తీయడానికన్నావు?"

"అబద్ధం చెప్పాను మావయ్యా. ఇది ఆఖరి రంగం. దీని తర్వాత రంగం లేదు, సామాను తీసే పనే లేదు."

ఆయన సుత్తి కింద పెట్టి "అవును కదా! మరి ఆ రోజు నేనెందుకు తలూపాను?" అని తన మీద తనే విసుక్కున్నాడు.

మంచం తెచ్చి ఎడమ గోడ దగ్గర పెట్టబోయాడు. వద్దన్నాను. ఇద్దరం కలిసి గది మధ్యకి జరిపాం, అడ్డంగా, తలుపు నుంచి కిటికీ దాకా ఎవరైనా నడవాలంటే ఎక్కి దిగాల్సినట్టుగా.

"నడిచేదెట్లాగమ్మా ఇలాగైతే?"

"ఎవరూ నడవరు."

పిచ్చుక వచ్చింది. తలుపు మూసింది. మంచం దాకా వచ్చింది. నిలబడుతుందనుకున్నాను, కూర్చుంది. చెప్పులు విడిచి ఒకటి ఇటు, ఒకటి అటు పడేసింది. ఎవరూ చెప్పలేదు అలా చెయ్యమని. డైరెక్టర్ గారు కుర్చీలోంచి లేచి సెట్టు దగ్గరికి వచ్చారు. "ఇదీ" అన్నారు తర్వాత.

నాకు సంతోషం వెయ్యాలి. కానీ ఇరవై అయిదు దగ్గరికొచ్చేసింది.

ఫిబ్రవరి 23

వెళ్ళకూడదు. రాత్రి నిద్ర పట్టే దాకా ఆలోచించి తేల్చుకున్నాను.

పాప నా పక్కన తప్ప పడుకోదు. మరదలికి పొద్దున్నే లేవడం అలవాటు లేదు. తమ్ముడు తాళాలు ఎక్కడ పెట్టాడో తమ్ముడికి తెలీదు, నాకే తెలియాలి. అమ్మ పోయినప్పుడు వాడు నా చీర కొంగు పట్టుకుని రెండు రోజులు వదల్లేదు. అలాంటివాడితో నేను రాను అంటే ఏమైపోతాడు? నలుగురూ ఏమనుకుంటారు, ఏదో గొడవైంది, మరదలు పొమ్మని ఉంటుంది అనుకోరూ? వాళ్ళ మంచితనానికి ఈ మాట పడాలా నా వల్ల? నాటకంలో పిల్లకేం, పుస్తకం అయిపోయింది, ఆ తర్వాత ఆమెకి జ్వరాలు రావు. నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి.

వెళ్ళకూడదు.

పొద్దున లేచి చూస్తే పాప లేదు నా పక్కన. గబగబా లేచి వెతికాను. వాళ్ళమ్మ దగ్గర హాయిగా నిద్రపోతోంది. ఎప్పుడో లేచి తనే వెళ్ళిందట. వారం నుంచి రోజూ వెళ్తోందట, తెల్లారేలోపు తమ్ముడు ఎత్తుకొచ్చి నా పక్కన పడుకోబెడుతున్నాడట. "మీకు నిద్ర పాడవుతుందని చెప్పలేదు వదినా" అంది మరదలు.

ఫిబ్రవరి 24

స్టవ్వు కట్టేసే ఉంది. తాళం వేసే ఉంది. ఇంటావిడ ఫోను చేస్తే తీయలేదు.

ఫిబ్రవరి 25

సాయంత్రం ఆట. తమ్ముడూ మరదలూ వచ్చారు. పాపని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి వచ్చారు.

నేను వింగులోంచి జనాన్ని చూస్తున్నాను, నాటకాన్ని కాదు. సత్రం కిటికీ కింద పిల్ల మెడ నిక్కించి చూసినప్పుడు ముందు వరసలో ఒకావిడ కూడా మెడ నిక్కించింది. పెద్దింట్లో ఆ గదిలోంచి ఈ గదికి తిరుగుతుంటే నవ్వారు, కాసేపటికి నవ్వడం మానేశారు. ఆఖరి తెర లేచింది. తెల్ల గోడ, ఒక్క తలుపు, అడ్డంగా మంచం. దగ్గు కూడా వినపడలేదు. పిచ్చుక చెప్పులు విడిచింది. ఎవరికీ జాలి వెయ్యలేదు. నాకూ వెయ్యలేదు, మొదటిసారి.

తర్వాత బయట టీ కొట్టు దగ్గర ముగ్గురం నిలబడ్డాం. "ఎంత బాగా వేశావక్కా సెట్లు!" అన్నాడు తమ్ముడు. "కానీ ఆఖరి గదిలో మంచం అలా అడ్డంగా వేశారేంటి? నడవడానికి దారేది?"

"ఎవరూ నడవర్రా" అన్నాను. అని, అదే ఊపులో, "నేను కొత్త ఇంటికి రావడం లేదు. మిషన్ల కొట్టు మీద గది తీసుకుంటున్నాను" అన్నాను. సగం టీ చెప్పుల మీద ఒలికింది.

వాడు ఏడుస్తాడనుకున్నాను. అరుస్తాడనుకున్నాను. దేనికేం చెప్పాలో అన్నీ సిద్ధం చేసుకునే ఉన్నాను.

"నిజంగానా?" అన్నాడు.

వాడిని ఎత్తుకుని పెంచినదాన్ని. వాడి గొంతులో ఏముందో నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది? దాంట్లో ఏడుపు లేదు. ఊపిరి పీల్చుకోవడం ఉంది. వెంటనే దాన్ని దాచబోయాడు. "అదేంటక్కా, ఒక్కదానివే ఎలా..." అని మొదలుపెట్టాడు. మరదలు వాడి చెయ్యి పట్టుకుంది. తన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"రావద్దని మేమెలా అంటాం వదినా. ఎప్పటికీ అనం" అంది.

నిజమే, అనేవాళ్ళు కాదు. ఆ కడ్డీకి తెర కట్టి, నా పక్కనుంచి జాగ్రత్తగా నడిచి, ఎప్పటికీ అనేవాళ్ళు కాదు.

ఇంటావిడకి ఫోను చేశాను. వాళ్ళ ముందే చేశాను.

ఫిబ్రవరి 26

నేను లేకపోతే వాళ్ళు గడపలేరని భయపడ్డాను ఇన్నాళ్ళూ. వాళ్ళు గడపగలరు. వాళ్ళు లేకపోతే నేను గడపలేనేమో అని ఒక్కసారైనా రాశానా ఈ పుస్తకంలో? వెనక్కి తిప్పి చూశాను. ఎక్కడా రాయలేదు.

ఫిబ్రవరి 28

వాళ్ళ లారీ పొద్దున వెళ్ళిపోయింది. తమ్ముడు తాళాల కోసం ఇల్లంతా వెతికాడు. నేను చెప్పలేదు. వాడికే దొరికాయి.

మార్చి 1

ఇవాళ షెడ్డులో కాదు, గదిలో రాస్తున్నాను.

మంచం, పెట్టె, నేను. కింద మిషన్లు. పొద్దుటి నుంచి మంచాన్ని గోడకి జరపడం, మధ్యకి లాగడం, మళ్ళీ గోడకి జరపడం, ఇదే పని. నాటకంలో అయితే ఒకసారి పెట్టి మేకు కొట్టేస్తాం. ఇక్కడ రోజూ ఎవరు పెడతారు? నేనే పెట్టాలి. ఆఖరికి మధ్యలో వదిలేసి దాని మీద కూర్చున్నాను. కూర్చోగానే ఏడుపొచ్చేసింది.

దేనికో చెప్పలేను. "నిజంగానా" అన్న వాడి గొంతుకి కావచ్చు. మధ్యగదిలో ఏడవాలంటే స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడవాలి, అదీ బకెట్టు నిండే లోపు. ఇక్కడ ఏ కుళాయీ తిప్పలేదు. పెద్దగా, వెక్కి వెక్కి, ముక్కు చీదుకుంటూ, వికారంగా ఏడ్చాను. ఎవరైనా వింటారేమో అని మధ్యలో ఆపి విన్నాను. మిషన్ల చప్పుడు. మళ్ళీ మొదలుపెట్టాను.

అప్పుడు మెట్ల మీద అడుగులు. నాకు తెలిసిన అడుగులే, ఎన్నేళ్ళుగానో నా మంచం పక్కనుంచి పోయిన అడుగులు. తలుపు దగ్గర ఆగాయి. తలుపు కొట్టిన చప్పుడు, మెల్లగా, అలవాటు లేనివాడు కొట్టినట్టు.

"అక్కా, నేనే. లోపలికి రావచ్చా?"

గబుక్కున లేచాను. కళ్ళు తుడుచుకుని, మొహానికి నవ్వు పులుముకుని, పరిగెత్తి తీయడానికి చెయ్యి గడియ దాకా వెళ్ళింది. అక్కడ ఆపేశాను. నా ఏడుపు ఇంకా అవలేదు.

"ఇప్పుడే కాదురా. కాసేపు ఆగు" అన్నాను.

ఆగాడు.